ఊయల యొద్ద అన్నమాచార్యుడు

చీకటి పడినది. రాజంపేటలో ఒక యింటి మిద్దెమీద తల్లి బిడ్డను చంకనెత్తుకొని, గిన్నెలోని పప్పన్నము ముద్దగా కలిపి, ఆకాశమువైపు వేలుచూపి చందమామను పిలుచుచున్నది. బిడ్డ కన్నులు విప్పార్చి, నోరు తెఱచి పైకి చూచును. ఆ అదను చూచి తల్లి ముద్దను నోటబెట్టును. తెలుగునాట పుట్టినవారిలో ఈ దృశ్యము నెఱుగనివారు లేరు. ఆ పాట యెవరిదమ్మా యని యడిగినచో ఆమె "మా యవ్వ పాడుతాండె" యని చెప్పును. అవ్వ నడిగినచో ఆమెయు తన తల్లినే చూపును. ఈ యూరికి కొలది మైళ్ల దూరమున తాళ్లపాక యను గ్రామమున్నది. ఆ గ్రామమున 1408వ సంవత్సరమున పుట్టిన యొక కవి పేర చందమామను పిలుచు కీర్తనయు, తెలుగుతల్లులు తరతరములుగా పాడు జోలపాటయు నిలిచియున్నవి. తాళ్లపాక అన్నమాచార్యుని మనము పరమభక్తుడనియు, పదకవితా పితామహుడనియు కొనియాడుచున్నాము. పసిబిడ్డల కవియని మాత్రము తలచువారు అరుదు. ఆ తలపును చదువరుల ముందుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విషయమున వంగదేశీయులు మనకంటె భాగ్యవంతులు. అక్కడ పసిపిల్లల పాటను 'ఛడా' యందురు. పందొమ్మిదవ శతాబ్దము చివర రవీంద్రనాథ ఠాకూరు స్త్రీల నోటనున్న ఛడాలను సేకరించి, వానియందలి సౌందర్యమును గూర్చి వ్యాసములు వ్రాసెను. యోగీంద్రనాథ సర్కారు 1897లో చిన్నపిల్లలకు అక్షరములు నేర్పు 'హాసిఖుషి'ని ప్రకటించి, 1899లో పాత ఛడాలనొక సంపుటముగా కూర్చెను. ఉపేంద్రకిశోర రాయ్ 1913లో 'సందేశ్' అను పిల్లల మాసపత్రికను స్థాపించెను. ఆయన కుమారుడు సుకుమార్ రాయ్ అందులో నవ్వుల పాటలను, తాను గీసిన బొమ్మలతో, ప్రకటించుచు వచ్చెను. 1923లో ముప్పదియైదేండ్ల వయసుననే సుకుమారుడు మరణింపగా, కొన్ని దినములకు 'ఆబోల్ తాబోల్' అను ఆయన గేయసంపుటము వెలువడెను. వంగబాలుడు ఆ పాటలను పాడునపుడు కవి పేరు నెఱిగియే పాడును. ఏలయన, అచ్చుపుస్తకము కవిపేరును పాటకు ముడివేసినది. మన కవి అచ్చుయంత్రము మన దేశమునకు రాకమునుపే పుట్టెను. ఆయన పాట పుస్తకమున గాక తల్లుల కంఠములందు నిలిచినది. పాట నిలిచినది, పేరు జారిపోయినది.

అన్నమాచార్యుని జీవితమును మనకు తెలిపిన గ్రంథము ఆయన మనుమడు తిరువేంగళనాథుడు ద్విపదలో రచించిన 'అన్నమాచార్య చరిత్రము'. ఈ తిరువేంగళనాథునే చిన్నన్న యందురు. వంశమునందలి పెద్దల మహిమను చాటుటకై వ్రాసిన గ్రంథమగుటచే ఇందులో అద్భుతములు మెండుగానున్నవి. అయినను, ఆ అద్భుతముల నడుమ పసివారి బ్రదుకును గూర్చిన కొన్ని కఠినసత్యములు దాగియున్నవి. వానిని మన యిండ్లవారు శ్రద్ధతో చదువవలసియున్నది.

మొదటిది, కవియొక్క తాతగారి కథ. తాత పేరు నారాయణయ్య. బాల్యమున ఆయనకు చదువు అబ్బలేదు. ఇంట బోధించి చూచిరి, ఫలింపలేదు. సమీపమందలి ఊటుకూరున బంధువుల యింటనుంచి, అచ్చటి గురువులయొద్ద చదువునకు పెట్టిరి. ఆ గురువులు శిక్షలచే విద్య తెప్పింపజూచిరి. బాలుడు ఆ బాధకును అవమానమునకును ఓర్వజాలక, చావు మేలని యెంచి, చింతాలమ్మ గుడియొద్ద పుట్టలో చేయిపెట్టెనట. పాము కఱవలేదు. అమ్మవారు ప్రత్యక్షమై వానిని లాలించి, తాళ్లపాక చెన్నకేశవస్వామి దయచే విద్య అబ్బుననియు, నీ వంశమున గొప్ప భక్తుడు పుట్టుననియు చెప్పి పంపెనని చరిత్రము చెప్పుచున్నది. దేవి ప్రత్యక్షమైన సంగతిని నమ్మువారు నమ్ముదురు. బెత్తమునకు వెఱచి ప్రాణము తీసికొనజూచిన బాలుని సంగతి నమ్ముటకు మాత్రము భక్తి యక్కఱలేదు. అట్టి బాలుని నేటికిని ప్రతి గ్రామమున చూడవచ్చును. గురువు కొట్టగా విరిగిన హృదయమును ఒక తల్లి మంచిమాటతో అతికెను. ఆ యింటనే రెండు తరముల పిమ్మట పసిబిడ్డల కవి పుట్టెను.

రెండవది, అన్నమయ్య సొంత బాల్యము. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. ఉమ్మడి కుటుంబము. పిల్లవాడు ఎల్లవేళల పాడుకొనుచు, తంబుర మీటుచు నుండుటచే, ఇంటివారికి పనికిమాలినవాడుగా తోచెను. వదినలు తలకొక పని చెప్పిరి. ఒకనాడు పసువులకు గడ్డి తెమ్మని కొడవలి యిచ్చి పంపిరి. గడ్డి కోయుచుండగా చిటికెనవ్రేలు తెగెను. నెత్తురు చూచి బాలుడు కొడవలిని పాఱవైచి, ఆ దారిన పోవు తిరుపతి యాత్రికుల గుంపులో చేరి వెడలిపోయెను. ఇంట ఆదరణము లేక, పనిభారము మోయలేక పారిపోయిన పిల్లవాడని నేడు మనము చెప్పుకొనెడి కథకును దీనికిని భేదమేమి?

కొండ నెక్కుచు బాలుడు మోకాళ్లముడుపు చేరునప్పటికి ఎండకును ఆకలికిని డస్సి, ఒక బండపై పడి నిదురించెను. అప్పుడొక పెద్దముత్తైదువ వచ్చి లేపెను. ఈ కొండ యంతయు సాలగ్రామమయము, కాలి చెప్పులు విడువుము నాయనా యని బుద్ధి చెప్పి, తన యొద్దనున్న ప్రసాదమును పెట్టి ఆకలి తీర్చెను. ఆమె అలమేలుమంగయని చరిత్రకారుని మాట. అంతట బాలుడు ఆ తల్లిపై ఒక శతకమును చెప్పెనట. గమనింపుడు. ఈ కవి నోట తొలి కవిత్వము పుట్టినది పండితసభయందు గాదు, రాజాస్థానమునందు గాదు. ఆకలిగొన్న పసివానికి ఒక స్త్రీ అన్నము పెట్టినచోట పుట్టినది. బువ్వపెట్టుచు పాడు పాట యీ కవికి దక్కుటలో వింత యేమున్నది?

ఆయన కీర్తనలను చెక్కిన రాగిరేకులు మఱియొక సంగతి చెప్పుచున్నవి. పదునాఱేండ్ల వయసున, అనగా క్రోధి సంవత్సరమున, శాలివాహన శకము 1346లో, స్వామి సాక్షాత్కరింపగా కీర్తనలు చెప్పనారంభించెననియు, శకము 1424, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వఱకు చెప్పెననియు వ్రాయబడియున్నది. క్రీస్తుశకము లెక్కన ఇది 1424 మొదలు 1503 వఱకు అగుచున్నది. దాదాపు ఎనుబదేండ్ల కవితావ్యవసాయము! నడుమ అహోబిలమున ఆదివణ్ శఠకోపయతియొద్ద వేదాంతము నభ్యసించెను. ఒంటిమిట్ట కోదండరాముని మొదలు తాను దర్శించిన దేవతల నెల్ల కీర్తించెను. మొత్తము ముప్పది రెండువేల కీర్తనలు చెప్పెనని మనుమడు వ్రాసెను. అందు మనకు దక్కినవి పండ్రెండువేలకు పైబడినవి మాత్రమే.

రాజాదరణమును గూర్చియు ఒక కథ కలదు. రాజంపేట చెంతనున్న టంగుటూరునందు సాళువ నరసింహుడు ఈ కవిని గౌరవించి తన యొద్ద నుంచుకొనెను. వేంకటేశ్వరునిపై చెప్పిన శృంగారకీర్తనను విని ముగ్ధుడై, తన మీదను అట్టిదానిని చెప్పుమని కోరెను. హరిని పొగడిన నోట నరుని పొగడనని కవి త్రోసిపుచ్చెను. రాజు ఆగ్రహించి సంకెళ్లు వేయించి చెఱలో పెట్టించెననియు, కవి పాడగా ఆ సంకెళ్లు ఊడిపడెననియు చరిత్రము. ఆ నరసింహుడే పిమ్మట 1485 ప్రాంతమున విజయనగర సింహాసనమెక్కెను. సింహాసనమెక్కగల వానికి పాట లేదన్న కవి, దిసమొలతో ఊయలలోనున్న శిశువునకు పాట యిచ్చెను. ఆయన విలువలు ఎట్టివో దీనివలననే తెలియుచున్నది.

ఆ కాలమున కవిత్వమనగా పద్యము. వృత్తములందు, దీర్ఘసమాసములందు కూర్చిన కావ్యమునకే సభలో పీట. శ్రీనాథుడు ఆ మార్గమున సార్వభౌముడైన శతాబ్దమది. పాట యన్నది దంపునట్టి స్త్రీలది, నాట్లువేయు కూలివారిది, పిల్లల నాడించు ముసలమ్మలది. అన్నమాచార్యుడు సంస్కృతమున సంకీర్తనలక్షణమును రచింపగల పండితుడై యుండియు, ఆ పాటల వెంట నడచెను. రోలు దంచు సువ్వి పాటను, గొబ్బి పాటను, జాజరను, ఉయ్యాలపాటను, లాలిని, జోలను తీసికొని వేంకటపతికి సమర్పించెను. ఆడువారి నోటిమాటను సాహిత్యపు గడప దాటించెను. నాలుగువందల యేండ్లకు పైగా గడచిన పిమ్మట మన పత్రికలలో వ్యావహారికభాషను గూర్చి జరిగిన వాదములను తలచినపుడు, ఆయన చేసిన పని యెంత సాహసమో బోధపడును.

ఇక ఆయన శిశుగేయములను చూతము. బాలకృష్ణుని వర్ణించు కీర్తనలందు కవి చూపు తత్త్వముమీద నిలువదు. ఉంగరములు తిరిగిన ముంగురులు, తూగాడు తల, మొలనూలి గంటలు, కాళ్ల గజ్జెలు, వెన్న పూసికొన్న చేతులు, ఇవియే ఆయనకు కావలసినవి. మఱియొకచోట యశోద ముంగిట తిరుగాడు బిడ్డను ముత్యమనియు, మాణిక్యమనియు, ఒక్కొక్క రత్నముతో పోల్చి ముద్దుచేయును. ఇంకొకచోట శిశువునకు ఉగ్గుపెట్టుట, నీళ్లుపోయుట పాటయైనవి. చందమామ పాటలో బంగారుగిన్నెలో వెన్నయు పాలును తెమ్మని చంద్రుని అడుగుట. ఇందెచ్చటను ఉపదేశము లేదు, బెదరింపు లేదు. బూచివానిని పిలిచి బిడ్డను భయపెట్టి నిదురపుచ్చు అలవాటు మన యిండ్ల నింకను పోలేదు. అయిదవ యేటనే నీతిశతకములను కంఠపాఠము చేయించు అలవాటు మొన్నమొన్నటి వఱకు నుండెను. బిడ్డకు బుద్ధి చెప్పుటకు మునుపు బిడ్డను చూచి ఆనందింపవలెనన్నది ఈ కవి యాచరించి చూపిన ధర్మము. తాతగారు బెత్తముచే నేర్వని విద్యను, మనుమడు పాటచే లోకమునకు నేర్పెను.

ఇవన్నియు దైవకీర్తనలు గదా, బాలగేయము లెట్లగునని కొందఱు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. సుకుమార్ రాయ్ పిల్లలు నవ్వుటకై వ్రాసెను. అన్నమయ్య దేవుని సేవకై పాడెను. సంకల్పము వేఱు. అయినను, తెలుగు తల్లికి తన బిడ్డ కృష్ణుడే గదా. దేవుని బిడ్డగా చూచి పాడిన పాటను ఆమె తన బిడ్డను దేవునిగా చూచి పాడుకొన్నది. పాట యెవరికి చేరినది యను దానినిబట్టి తూచినచో, ఈ కవి పండితులకంటెను, గాయకులకంటెను ముందు పసిబిడ్డలనే చేరెను. ఆ పాటలను మొట్టమొదట వినువారు ఇంకను మాటలు రానివారే.

జోలపాటను గూర్చి మఱియొక మాట. అన్నమయ్య కీర్తనలలో మిక్కిలి ప్రసిద్ధమైన యొకదానియందు, ఏలికకు వచ్చు నిద్రయు, వాని సేవకునికి వచ్చు నిద్రయు సమానమేయనియు, జాతిభేదము లెన్ని యున్నను పరబ్రహ్మ మొక్కటేయనియు చెప్పబడినది. సంఘసంస్కర్తలు ఆ కీర్తనను తఱచు స్మరింతురు. అది వేదాంతము చదివి తెలిసికొన్న సత్యమే కావచ్చును. కాని జోలపాడిన ప్రతి తల్లికిని ఆ సత్యము తెలియును. పట్టుపఱుపు మీది బిడ్డయు, పాతచీర కట్టిన ఊయలలోని బిడ్డయు ఒక్కతీరుననే కనురెప్పలు వాల్తురు. తిరుమలయందు రాత్రి ఏకాంతసేవలో స్వామికిని తాళ్లపాక వంశీయుడొకడు జోల పాడు ఆచారము కలదు. ఆ గుడిలో స్వామికిని, మన గుడిసెలో బిడ్డకును ఒకే యింటివారి జోల!

ఈ కవి యింట స్త్రీ మూగదిగా నుండలేదనుటయు గమనింపదగినది. ఆయన భార్య తిమ్మక్క 'సుభద్రాకల్యాణము'ను మంజరీద్విపదలో రచించెను. తెలుగున మొదటి కవయిత్రి యని ఆమెను సాహిత్యచరిత్రకారులు పేర్కొందురు. ఆ కావ్యపు నడక పెండ్లిపాటల నడకకు దగ్గఱ. భర్త స్త్రీల పాటలను గౌరవించెను. భార్య స్త్రీల పాటలోనే కావ్యము చెప్పెను. ఎవరు ఎవరికి నేర్పిరో యని యోచించుటకు ఇచ్చట తావున్నది. చందమామను పిలుచు తల్లి అన్నమయ్యకు మునుపే యుండవలెను. ఆమె పిలుపును విని కవి కీర్తన కట్టెను. ఆ కీర్తన మరల ఆమె నోటికి చేరి పల్లెపాటయై పోయెను. అప్పు తీసికొన్నదానిని వడ్డితో తిరిగి యిచ్చుట యనగా నిదియే.

మఱి ఆయన పేరెట్లు మఱుగుపడెను? కుమారుడు పెదతిరుమలాచార్యుడు తండ్రి కీర్తనలను, తన కీర్తనలను రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయమున సంకీర్తన భాండారమను రాతి అఱలో భద్రపఱపించెను. రేకులు రెండువేలకు పైబడినవి. కాలక్రమమున ఆ అఱ మూతపడెను. లోపల నేమున్నదో జనులు మఱచిరి. పందొమ్మిదవ శతాబ్ది తొలిదినములలో ఆంగ్లోద్యోగి కాంబెల్, తిరుపతి రేకులను గూర్చి విని, వానిని పరిశీలింపజేసెను. అందున్నవి దాదాపు అన్నియు దైవస్తుతిగీతములేయని తెలిసి, ఆ సంగతిని 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణమున వ్రాసికొనెను. నాటి పండితలోకమునకు, వేలకొలది పాటలు దొరకినవన్న సంతోషము కలుగలేదు! ఆ పాటలు వెలుగు చూచుటకు ఇంకొక నూఱేండ్లు పట్టెను. ఇరువదవ శతాబ్దమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పెద్దల కృషిచే రేకులు పుస్తకములయ్యెను. ప్రభాకరశాస్త్రి 1949లో విపులమైన పీఠికతో 'అన్నమాచార్య చరిత్రము'ను ప్రకటించెను.

ఈ కథయందు రెండు భాండాగారము లున్నవి. ఒకటి రాతి అఱ, రెండవది తల్లి గొంతు. రాగిరేకు కవిపేరును, పాఠమును, రాగముపేరును కాపాడినది. కాని స్వరము చెక్కలేదు గనుక ఆయన పాడిన వరుస పోయినది. తల్లి గొంతు వరుసను కాపాడినది, పేరును పోగొట్టుకొన్నది. జోలపాటయందు కవి తన తాళ్లపాక పేరును చివరి చరణమున నుంచెను. ఏ యింటనైనను చూడుడు, చివరి చరణము వచ్చులోపల బిడ్డ నిదురపోవును. తల్లి పాట నాపివేయును. కవి పేరు వినబడకుండుటయే ఆ పాట పనిచేసినదనుటకు గుర్తు. ఇంతకంటె మధురమైన మఱపు ఏ కవికిని పట్టలేదు. ఐనను, మఱపు మఱపే.

ఇంకొక కారణమును దాచరాదు. స్త్రీలు పాడునది సాహిత్యము కాదను చిన్నచూపు మనలో చిరకాలముగా నుండెను. పెరటిచెట్టు మందునకు పనికిరాదన్న సామెత ఇచ్చట అక్షరాల సరిపడినది. ఇరువదవ శతాబ్దమున చింతా దీక్షితులు, న్యాయపతి రాఘవరావు మొదలగువారు పిల్లలకై తెలుగున వ్రాసిరి. రాఘవరావు 1945లో 'బాల' పత్రికను వెలువరించెను. వారి కృషి మిక్కిలి గొప్పది. కాని వారికి వెనుక ఐదువందల యేండ్ల యీ సంప్రదాయ మున్నదని మన పాఠపుస్తకములు పిల్లలకు చెప్పినచో ఎంత బాగుండెడిది!

నేడు ఆయన కీర్తికి లోటులేదు. రాజంపేట చెంత మార్గమున నూట యెనిమిది అడుగుల విగ్రహము నిలిపిరి. 2022లో ఏర్పఱచిన యొక జిల్లాకు ఆయన పేరు పెట్టిరి. సభలందు ఆయన కీర్తనలు మాఱుమ్రోగుచున్నవి. కాని విగ్రహము పెరుగుచుండగా ఊయల పాట తగ్గుచున్నది. చందమామను చూపి బువ్వపెట్టవలసిన చేయి, చరవాణి తెఱను చూపి పెట్టుచున్నది. బిడ్డ ముద్ద మ్రింగుచునేయున్నాడు. పాట మాత్రము వాని చెవిని పడుటలేదు. తెఱనుండియు జోలపాట రావచ్చును. కాని అది బిడ్డ కనులు వాలుట చూచి మెల్లమెల్లగా తగ్గజాలదు, మధ్యలో బిడ్డ పేరును చేర్చజాలదు.

కాబట్టి చదువరులయొద్ద, ముఖ్యముగా గృహిణులయొద్ద, నా మనవి యొక్కటే. మీ యింట ముసలివారున్నచో, వారు పాడు జోలలను, లాలులను, ఉగ్గుపాటలను ఒక కాగితమున వ్రాసికొనుడు. ఏ యూరిలో ఎవరియొద్ద నేర్చిరో వారి పేరును చేర్చుడు. వీలైనచో వారి గొంతుతోనే వరుసను నిలుపుకొనుడు. పెదతిరుమలయ్య తండ్రికి చేసిన పనియు, వంగదేశీయులు తమ ఛడాలకు చేసిన పనియు ఇదియే. దీనికి రాగిరేకులు అక్కఱలేదు, ఇంటిలోని నోటుపుస్తకము చాలును. ఇక రాత్రి బిడ్డను నిదురపుచ్చునపుడు, వాడు కనుమూసిన పిమ్మటనైనను ఆ చివరి చరణమును ఒక్కసారి పూర్తిగా పాడుడు. వినువారు లేకున్నను, మన తాళ్లపాకవాని పేరు ఆ యింట నొక్కసారి పలుకబడును.